మందపు కొయ్యలో రెండు ముఖాల కోత: స్క్రోల్ సా బ్లేడు ఎంపిక

వ్యాససంగ్రహం

నలుచదరపు కొయ్యదిమ్మె మీద పక్కపక్కనున్న రెండు ముఖాలపై రెండు రూపరేఖలు అతికించి, ఒకదాని తర్వాత ఒకటి కోసి, నిండు బొమ్మను వెలికితీసే పద్ధతిని కొయ్యపనివారు ‘కాంపౌండ్ కటింగ్’ అంటారు. ఈ పనికి వాడే దిమ్మె సాధారణ పలక కంటే రెండింతలు, మూడింతలు మందంగా ఉంటుంది. పలకకు సరిపోయిన బ్లేడు దిమ్మెకు సరిపోదు. కారణం కొయ్య గట్టిదనం కాదు, కోతలో పుట్టే పొట్టు బయటికి రాలేకపోవడం. బ్లేడు పళ్ల అమరిక, సంఖ్య, మందం, తయారీ విధానం ఈ సమస్యతో ఎలా ముడిపడి ఉన్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ వివరణకు అవసరమైన పదాలను వీలైనంత వరకు తెలుగు వృత్తి వ్యవహారం నుంచి తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: స్క్రోల్ సా, రంపపు పళ్లు, పంటిసందు, కోతగాడి, పొణికి, కొండపల్లి, నిర్మల్, ఉస్మాన్‌గంజ్, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో మొజంజాహి మార్కెట్టు నుంచి అఫ్జల్‌గంజ్ వైపు సాగితే ఉస్మాన్‌గంజ్ వస్తుంది. ఏడవ నిజాం పేరును మోస్తున్న ఈ టోకు వ్యాపార ప్రాంతాన్ని ఆనుకుని ఒకవైపు బేగంబజారు, మరోవైపు గోషామహల్ ఉన్నాయి. ఇలాంటి చోట పనిముట్లు కొనే వడ్రంగి ఒక్క వాక్యంలో మూడు భాషలు కలుపుతాడు. ‘రంపం’ అని మొదలుపెట్టి, ‘ఆరీ’ అని దుకాణదారు అంటే సరేనని, చివరకు ‘బ్లేడు’ అని బేరం ముగిస్తాడు. భాషా పరిశోధకునికి ఇది ఆసక్తికరమైన దృశ్యమే. కాని కొనేవాడికి కావలసింది పదవ్యుత్పత్తి కాదు, సరైన బ్లేడు.

తెలుగులో వృత్తి పదాల సేకరణకు గట్టి పునాదే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటంతో 1962లో మొదలైన మాండలిక వృత్తి పదకోశం మనకు తెలిసినదే. ఆ మార్గంలో సేకరణ చేసినవారు పనిముట్ల పేర్లను, భాగాల పేర్లను శ్రద్ధగా నమోదు చేశారు. అయితే ఒక పనిముట్టును ఎందుకు ఎంచుకుంటారు, మరొకదాన్ని ఎందుకు పక్కన పెడతారు అన్న తర్కాన్ని తెలుగు వచనంలో రాయడం వేరే పని. పేరు తెలిసినంత మాత్రాన ఆ పేరు వెనకనున్న నిర్ణయం తెలియదు. కరెంటుతో నడిచే రంపాల విషయంలో ఈ తర్కం ఎక్కువగా నోటిమాటగానే సాగుతున్నది. ఆ కొరతను ఒక చిన్న విషయం మేరకైనా తీర్చే ప్రయత్నం ఇది.

2. రెండు ముఖాల కోత స్వరూపం

స్క్రోల్ సా యంత్రంలో బారెడు రంపం ఉండదు. సుమారు 5 అంగుళాల (127 మి.మీ.) పొడవున్న సన్నని బ్లేడును పైన ఒక చేతికి, కింద ఒక చేతికి బిగిస్తారు. అది నిలువుగా పైకీ కిందికీ ఆడుతుంది. కొయ్యను బల్లపై ఆనించి, గీత వెంట తిప్పుతూ బ్లేడుకు అందిస్తారు. పళ్లు కిందివైపు చూస్తుంటాయి కాబట్టి కోత కిందికి దిగేటప్పుడే జరుగుతుంది.

రెండు ముఖాల కోతలో ముందుగా నలుచదరపు దిమ్మెను తీసుకుని, ఒక ముఖం మీద బొమ్మ ముందు రూపాన్ని, పక్క ముఖం మీద పక్క రూపాన్ని అతికిస్తారు. మొదటి ముఖాన్ని కోసినప్పుడు వచ్చిన ముక్కలేవీ పారేయరు. అన్నింటినీ తిరిగి దిమ్మె ఆకారంలో పేర్చి, నొక్కిపట్టి, టేపు చుడతారు. బయటి ముక్కలే రెండో కోతకు ఆధారం. అవి లేకపోతే దిమ్మె బల్లపై నిలవదు. తర్వాత దిమ్మెను 90 డిగ్రీలు తిప్పి రెండో ముఖాన్ని కోస్తారు. టేపు విప్పి వ్యర్థపు ముక్కలు తొలగిస్తే లోపల నుంచి గుర్రమో, పక్షియో, చదరంగపు పావో బయటపడుతుంది. లోపల రంధ్రాలున్న ముఖాన్ని ముందుగా కోయడం మేలు. దిమ్మె ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే బరమాతో తొలిచి బ్లేడు దూర్చుకోవచ్చు.

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథకూ భారతకథకూ అన్వయిస్తుంది. తెలుగు పాఠకులకు ఈ కోతను పరిచయం చేయడానికి ఇంతకన్న దగ్గరి ఉపమానం నాకు తోచలేదు. అయితే ఒక తేడా ఉంది. ద్వ్యర్థికావ్యంలో రెండో అర్థం మొదటి అర్థాన్ని చెరపదు. కొయ్యలో రెండో కోత మొదటి కోత మిగిల్చినదానిలోంచే తీసివేస్తుంది. అందువల్ల మొదటి ముఖంలో జరిగిన దోషం రెండో ముఖపు రూపంలోకి కూడా చేరుతుంది.

మన బొమ్మల తయారీ సంప్రదాయం దీనికి ఎదురు దారిలో నడిచింది. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, కాచి, చేతులు, తల, మొండెం వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతుకుతారు. నిర్మల్ బొమ్మలకూ పొణికే ముడిసరుకు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కపూత వేస్తారు. ఈ మూడింటిలోనూ నిండు రూపం ముక్కల కూర్పు వల్లనో, కొయ్య తిరగడం వల్లనో వస్తుంది. రెండు కోతల కలయిక వల్ల కాదు. కనుక రెండు ముఖాల కోత కొండపల్లి పనికి ప్రత్యామ్నాయమన్న ఊహ సరికాదు. అది కొయ్యను ఎక్కువ వృథా చేస్తుంది కూడా. పొణికి దొరకడం కష్టమవుతున్నదని కళాకారులు చాలాకాలంగా చెబుతున్నారు. అలాంటి కొయ్యదిమ్మెను కొత్త పద్ధతిలో కోయదలచినవారు తప్పుడు బ్లేడు వాడితే పోయేది ఒక బ్లేడు కాదు, ఒక దిమ్మె.

3. పొట్టు బయటికి వచ్చే దారి

బ్లేడు ఎంపికలో అందరూ మొదట అడిగేది కోత నునుపు గురించి. పళ్లు ఎక్కువైతే నునుపు ఎక్కువ అన్న సూత్రం పలచని పలకకు నిజమే. మందపు దిమ్మెకు ఈ సూత్రం వర్తించకపోవడానికి యంత్రపు ఊపులోనే కారణం ఉంది.

ఇంట్లోనో చిన్న కార్ఖానాలోనో వాడే స్క్రోల్ సాలో బ్లేడు ఒక ఊపులో కదిలే దూరం సాధారణంగా 20 మి.మీ.కు అటూఇటూ ఉంటుంది. లెక్కకు సరిగ్గా 20 మి.మీ. అనుకుందాం. కొయ్య మందం కూడా 20 మి.మీ. అయితే, ఊపు మొదట్లో పై అంచు దగ్గరున్న పన్ను ఊపు చివరికి కింది అంచును చేరుతుంది. ప్రతి పన్నూ తాను తవ్విన పొట్టును మోసుకుని ఒకసారి కొయ్య బయటికి వస్తుంది.

ఇప్పుడు 40 మి.మీ. దిమ్మె తీసుకుందాం. ఊపు మొదట్లో పై అంచు దగ్గరున్న పన్ను 20 మి.మీ. దిగి దిమ్మె నడుమే ఆగుతుంది. అక్కడి నుంచి మళ్లీ పైకి వెళ్లిపోతుంది. నడుమ నుంచి మొదలైన పన్ను మాత్రమే కింది అంచును అందుకుంటుంది. అంటే ఊపు మొదట్లో కొయ్యలో ఉన్న పళ్లలో పైసగం ఆ ఊపంతటా బయటి గాలి చూడవు. అవి తవ్విన పొట్టు ఒక్క ఊపులో బయటపడదు. ముందు నడుమకు దిగాలి, అక్కడ కిందిసగపు పళ్లు దాన్ని అందుకుని బయట పడవేయాలి. ఇది బావిలోంచి మట్టిని ఒకరి తర్వాత ఒకరు తట్ట అందించుకున్నట్లు జరిగే పని. నడిమి మనిషి తట్ట చిన్నదైతే అక్కడే మట్టి పోగుపడుతుంది.

రంపంలో ఆ తట్ట పంటిసందు, అంటే ఒక పన్నుకూ తర్వాతి పన్నుకూ నడుమనున్న ఖాళీ. అంగుళానికి 20 పళ్లున్న బ్లేడులో పన్నుకూ పన్నుకూ దూరం సుమారు 1.3 మి.మీ.; 40 మి.మీ. దిమ్మెలో ఒకేసారి 31 పళ్లు మునిగి ఉంటాయి. అంగుళానికి 12 పళ్లుంటే దూరం 2.1 మి.మీ., మునిగే పళ్లు 19. పళ్లు తగ్గినకొద్దీ ఒక్కో పంటిపై పడే ఒత్తిడి పెరుగుతుంది, అది లోతుగా కొరుకుతుంది, పొట్టు నిలవడానికి చోటూ పెరుగుతుంది. పళ్లు ఎక్కువైతే ఒత్తిడి చీలిపోతుంది. పళ్లు కొరకడం మాని రాపిడి మొదలుపెడతాయి. రాపిడి పొడిని పుట్టిస్తుంది, ఆ పొడి సందుల్లో గట్టిపడుతుంది, బ్లేడు వేడెక్కుతుంది, కోతముఖం నల్లబడుతుంది. నునుపు కోసం ఎంచుకున్న బ్లేడు చివరకు మాడిన కోతను ఇస్తుంది.

మాడటం కంటికి కనబడే దోషం. కనబడని దోషం ఇంకొకటి ఉంది. పొట్టు కూరుకుపోయినప్పుడు పనివాడు తెలియకుండానే కొయ్యను గట్టిగా నెడతాడు. సన్నని బ్లేడు నడుమ విల్లులా వంగుతుంది. పైన గీత వెంటే పోతున్నట్లు కనిపిస్తుంది, కింద కూడా గీతకు దగ్గరగానే ఉంటుంది, దిమ్మె నడుమ మాత్రం కోత పక్కకు జరుగుతుంది. పలకలో ఇది పట్టించుకోనక్కరలేనంత స్వల్పం. రెండు ముఖాల కోతలో మాత్రం దిమ్మె నడుమే బొమ్మ ఉంటుంది. పక్షి మెడ ఒకవైపు సన్నబడటం, గుర్రపు కాలు నడుమ తెగిపోవడం వంటివి చాలావరకు ఇక్కడి నుంచి వచ్చేవే.

మెత్తని కొయ్యకు ఈ బెడద లేదని అనుకోరాదు. పొణికి వంటి తేలిక కొయ్య చేతికి సులభంగా లొంగుతుంది కాబట్టి తొందరపెడుతుంది. త్వరగా తెగినంత త్వరగా పొట్టు కూడా పుడుతుంది. తడి మిగిలి ఉంటే ఆ పొట్టు సందుల్లో ముద్దకడుతుంది. కొండపల్లివారు చెక్కడానికి ముందు కొయ్యను నిదానంగా కాచి తేమ తీసే అలవాటు ఉలిపనికి ఎంత అవసరమో యంత్రపు కోతకూ అంతే అవసరం. టేకు సంగతి వేరు. అందులో సహజంగా ఉండే ఇసుకపదార్థం పళ్ల పదునును త్వరగా తినేస్తుంది. జిట్రేగి వంటి చేవకొయ్య నిదానంగా తెగుతుంది, త్వరగా మాడుతుంది.

4. పళ్ల అమరికలు

వరుస పళ్ల బ్లేడులో పళ్లన్నీ ఎడం లేకుండా ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. మందపు దిమ్మెకు దీన్ని పక్కన పెట్టవచ్చు. ‘స్కిప్ టూత్’ అనేది ఒక పన్ను విడిచి ఒక పన్ను ఉంచిన అమరిక. విడిచిన పన్ను చోటంతా పొట్టుకు దక్కుతుంది. ‘డబుల్ స్కిప్’లో రెండు పళ్లు జంటగా ఉండి తర్వాత ఒక ఖాళీ వస్తుంది. కోత కాస్త నిదానమైనా ముఖం మెరుగ్గా ఉంటుంది. దిమ్మె పనికి ఈ రెండింటిలో ఏదైనా తగినదే. 40 మి.మీ. దగ్గర నేను మొదటిదాని వైపే మొగ్గుతాను.

ఎదురుపళ్ల బ్లేడు విషయంలో కొంత ఆగి ఆలోచించాలి. దీని కింది కొసన కొన్ని పళ్లు పైకి చూస్తుంటాయి. బ్లేడు పైకి లేచేటప్పుడు అవి కొయ్య అడుగు అంచును కత్తిరించి, నార పీచులు లేవకుండా చేస్తాయి. పలకపనిలో ఇది గొప్ప సౌకర్యం. దిమ్మెలో అదే ఎదురుపళ్లు బయటికి పోవలసిన పొట్టును మళ్లీ లోపలికి లాగుతాయి. పైగా రెండు ముఖాల కోతలో దిమ్మె అడుగు అంచు చాలాసార్లు వ్యర్థపు ముక్కకే చెందుతుంది. అక్కడ పీచు లేచినా నష్టం లేదు. కాబట్టి ఈ పనికి ఎదురుపళ్ల అవసరం తక్కువ. వాడవలసి వస్తే, బ్లేడు పూర్తిగా పైకి లేచినప్పుడు రెండు మూడు ఎదురుపళ్లు మాత్రమే బల్ల మీదికి కనబడేలా బిగించుకోవాలి.

మెలితిప్పిన బ్లేడు అన్ని దిక్కులా కోస్తుంది. కోతగాడిని వెడల్పు చేస్తుంది, గీత వెంట నిలకడగా నడవదు. దిమ్మె పనికి అది పనికిరాదు.

5. సంఖ్యల తికమక

బ్లేడు పొట్లం మీద రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి బ్లేడు నంబరు, రెండోది అంగుళానికి ఎన్ని పళ్లు అన్నది. నంబరు పెరిగినకొద్దీ బ్లేడు వెడల్పు, మందం పెరుగుతాయి, పళ్ల సంఖ్య తగ్గుతుంది. అంటే ఈ రెండు సంఖ్యలూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. తయారీదారును బట్టి స్వల్ప తేడాలున్నా, స్కిప్ టూత్ రకంలో 5వ నంబరుకు అంగుళానికి సుమారు 12 పళ్లు, 12వ నంబరుకు 9 నుంచి 10 పళ్లు ఉంటాయి. ‘పన్నెండుది ఇవ్వండి’ అంటే దుకాణదారు ఏది ఇవ్వాలి? 12వ నంబరా, 12 పళ్లదా? మొదటిది ముతక బ్లేడు, రెండోది మధ్యరకం. తెలుగులో ‘పన్నెండో నంబరు’, ‘పన్నెండు పళ్లది’ అని విడదీసి పలికే వీలు సహజంగానే ఉన్నది. ఇంగ్లీషు అంకెను ఒంటరిగా వాడినప్పుడే ఈ తికమక పుడుతుంది.

నంబరు ఎంపికలో రెండు అవసరాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పెద్ద నంబరు బ్లేడు గట్టిగా నిలబడుతుంది, నడుమ తక్కువగా వంగుతుంది. కాని అది ఇరుకు మలుపు తిరగదు, కోతగాడినీ వెడల్పు చేస్తుంది. గాడి వెడల్పైతే మొదటి కోత ముక్కలు తిరిగి పేర్చినప్పుడు వదులుగా కదులుతాయి, దిమ్మె కొలతా కాస్త తగ్గుతుంది. 5వ నంబరు బ్లేడు మందం సుమారు 0.4 మి.మీ., 12వది సుమారు 0.6 మి.మీ. పైకి చిన్న తేడాగా కనిపించినా, రెండుమూడు వేళ్ల ఎత్తు బొమ్మలో ముక్కు, చెవి, కాలు దగ్గర ఇది లెక్కలోకి వస్తుంది.

ఈ కారణాల వల్ల 40 మి.మీ. లోపు మెత్తని కొయ్యకు 5వ నంబరుతో మొదలుపెట్టడం మంచిది. బ్లేడు వంగుతున్నట్లు కనబడితే 7కు వెళ్లాలి. టేకు, జిట్రేగి వంటి గట్టికొయ్యకు 7 తగినది, దిమ్మె 40 మి.మీ. దాటితే 9. దిమ్మె 25 మి.మీ. లోపే ఉండి బొమ్మలో సన్నని మలుపులు ఎక్కువగా ఉంటే 3వ నంబరు కూడా పనిచేస్తుంది. 12వ నంబరును పెద్ద మలుపుల మొద్దుపనికే ఉంచుకోవాలి.

6. నిలువు తప్పితే

సరైన బ్లేడు కూడా బల్లకు సరిగ్గా నిలువుగా లేకపోతే వ్యర్థమే. 40 మి.మీ. దిమ్మెలో ఒక్క డిగ్రీ వాలు ఉంటే, పైగీతకూ అడుగుగీతకూ నడుమ 0.7 మి.మీ. తేడా వస్తుంది. రెండు ముఖాల్లోనూ అదే వాలు ఉంటే బొమ్మ రెండు వైపులకూ ఒరుగుతుంది. దీన్ని పరీక్షించడానికి మూలమట్టం కంటే సులువైన పద్ధతి ఒకటి ఉంది. దిమ్మె ముందువైపు రెండు మూడు మి.మీ. లోతు గాటు పెట్టాలి. యంత్రం ఆపి, దిమ్మెను బల్ల మీదే వెనక్కి తిప్పి, ఆ గాటును బ్లేడు వెనక అంచుకు ఆనించాలి. బ్లేడు గాటులో పైనుంచి కింది దాకా ఇమిడితే బల్ల సరిగ్గా ఉన్నట్లు. వాలు ఉంటే అది రెండింతలై కనబడుతుంది.

బ్లేడు తయారీ కూడా దిశపై ప్రభావం చూపుతుంది. మర పట్టి పళ్లు తీసిన సాధారణ బ్లేడుకు ఒక పక్క సన్నని గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క పదును ఎక్కువగా ఉండటంతో బ్లేడు అటే లాగుతుంది. పనివాడు కొయ్యను కాస్త ఏటవాలుగా అందించి దీన్ని సరిచేసుకుంటాడు. సానపట్టి పళ్లు తీసిన బ్లేడులో ఈ లాగుడు తక్కువ, పదునూ ఎక్కువ కాలం నిలుస్తుంది, ధరా ఎక్కువే. పలకపనికి సాధారణ బ్లేడు చాలు. దిమ్మెపనికి సానబ్లేడు మీద పెట్టిన డబ్బు దండుగ కాదని నా అభిప్రాయం.

బిగువు గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. వేలితో మీటితే బ్లేడు తీగలా ఖంగుమనాలి. వేగం తగ్గించాలి, కొయ్యను నెట్టకుండా అందించాలి. మలుపు దగ్గర ఆగి బ్లేడును తనంతట తాను తిరగనివ్వాలి. దిమ్మెకు చుట్టే పారదర్శకపు ప్యాకింగ్ టేపు ముక్కలను పట్టి ఉంచడమే కాక, బ్లేడు రాపిడిని తగ్గించి మాడటాన్ని కూడా కొంత అరికడుతుంది. పళ్ల పదును పోయిన సంగతి చేతికి ముందు తెలుస్తుంది. కిందటి బొమ్మకు లేని బలం ఈ బొమ్మకు పెట్టవలసి వస్తే బ్లేడు మార్చాలి. మందపు దిమ్మెలో ఒకటి రెండు బొమ్మలకే ఆ స్థితి రావచ్చు. విరిగేదాకా వాడటాన్ని పొదుపు అనుకునేవారున్నారు. దిమ్మె వెలతో పోల్చి చూస్తే ఆ లెక్క నిలవదు. ముక్కుకు గుడ్డో మాస్కో కట్టుకోవడం తప్పనిసరి. జిట్రేగి పొట్టు కొందరికి ఊపిరి ఇబ్బంది, చర్మం దురద కలిగిస్తుంది.

7. కొనుగోలు వేళ

ఉస్మాన్‌గంజ్‌లోనైనా మరెక్కడైనా స్క్రోల్ సా బ్లేడు అడిగేటప్పుడు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. వడ్రంగ పదాలు సేకరించే పరిశోధకులకు కూడా ఇవే ప్రశ్నావళిగా ఉపయోగపడతాయి. మొదటిది బ్లేడు కొసల సంగతి. కొన్ని బ్లేడ్లకు రెండు కొసలా అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, కొన్నింటికి ఉండదు. చౌకరకపు యంత్రాల్లో కొన్ని పిన్ను బ్లేడ్లనే పట్టుకుంటాయి. పిన్ను బ్లేడ్లలో సన్నని నంబర్లు అరుదు, పైగా పిన్ను దూరడానికి లోపలి రంధ్రాన్ని పెద్దదిగా తొలవాలి. రెండు ముఖాల కోత చేయదలచినవారు యంత్రం కొనేటప్పుడే పిన్ను లేని బ్లేడును పట్టే యంత్రాన్ని చూసుకోవాలి. తర్వాత పళ్ల అమరిక, నంబరు, అంగుళానికి పళ్లు వేర్వేరుగా చెప్పాలి. విడి బ్లేడు ఇస్తే పొట్లం మీది వివరాలు ఒకసారి చూపమని అడగాలి. పేరు తెలియని బ్లేడును వేలి గోటిపై ఆనించి లాగితే పళ్లు ఏ వైపు చూస్తున్నాయో తెలుస్తుంది, కింది కొసన ఎదురుపళ్లు ఉంటే అవి గోటిని అవతలి వైపు లాగినప్పుడు పడతాయి. స్కేలు పక్కన పెట్టి అంగుళం మేర పళ్లు లెక్కిస్తే నంబరు కూడా దాదాపుగా చెప్పవచ్చు.